వెనక సీటు టైలరు

ఆదివారం పొద్దున మెకానిక్ షెడ్డులో పని జరగదు. షట్టరు ఎత్తే ఉంటుంది, బల్ల మీద పానాలు బారుగా పేర్చే ఉంటాయి, కానీ ఆ పూట ఎవరైనా బండిని తోసుకుంటూ వస్తే మెకానిక్ ముందు స్టూలు చూపిస్తాడు, తర్వాత టీ గ్లాసు చేతిలో పెడతాడు, బండి సంగతి రేపు చూద్దాంలే అంటాడు. ఆ స్టూళ్ల మీద కూర్చునేవాళ్లు ఊళ్లో అందరికీ తెలిసినవాళ్లే. ఒకాయన బ్యాంకులో క్యాషియరు. ఇంకొకాయన బడిలో డ్రిల్లు మాస్టారు. మూడో మనిషి నర్సమ్మ. ఆసుపత్రి ఉద్యోగంలోంచి రిటైరై చాలా కాలమైనా ఊరికి ఆవిడ ఇంకా నర్సమ్మే. ఆవిడ వెంట ఆవిడ భర్త, టైలరు.

మిగతావాళ్లు ఎవరి బండి మీద వాళ్లొస్తారు. టైలరు మాత్రం నర్సమ్మ బండి వెనక సీటు మీద వస్తాడు. పెళ్లైన కొత్తలో మొదలైన ఆ ఏర్పాటు ఊరికి ఎప్పుడో పాతబడిపోయింది. ఊరికి కొత్తగా వచ్చినవాళ్లు ఒకసారి తల తిప్పి చూస్తారు, అంతే.

ఆ ఆదివారం మాటలకి తెర తీసింది క్యాషియరు. ఆయన కూతురు కొత్త బండి కొనుక్కుందట.

"బటన్ నొక్కితే చాలు, బుద్ధిగా స్టార్టయిపోతుందండీ. కిక్కు కొట్టే పనే లేదు. ఇదేం బండి తల్లీ, దీనితో పోట్లాడకుండా దీని మీద ప్రేమెలా పుడుతుంది అన్నాను. నాకేదో అయిందన్నట్టు చూసింది."

అందరూ నవ్వారు. అక్కడినుంచి మొదటి బళ్ల మీదికి మళ్లింది మాట. క్యాషియరు తన మొదటి బండిని ఇద్దరు స్నేహితులతో కలిసి కొన్నాడు. ముగ్గురూ ఒకే గదిలో ఉండేవాళ్లు. బండిని వానలో ఉంచడానికి ఎవరికీ మనసొప్పలేదు. "బండి గదిలో పడుకునేది, మేం వరండాలో పడుకునేవాళ్లం. దోమలన్నీ మావి, ఫ్యాను దానిది" అన్నాడాయన. డ్రిల్లు మాస్టారి బండి ఏనాడూ కిక్కుకి లొంగలేదు. పక్కన పరిగెత్తి, ఎగిరి ఎక్కాలి. "మీ కాళ్లు ఇంత గట్టిగా ఎలా ఉన్నాయి మాస్టారూ అని పిల్లలడుగుతారు. వ్యాయామం అని చెప్తాను. వ్యాయామమా పాడా! ఆ మొండిఘటం చలవ" అన్నాడు పిక్కలు తట్టుకుంటూ. మెకానిక్‌ది మరీ విచిత్రం. ఊళ్లోని పాత బళ్ల మిగులు సామానంతా పోగేసి తనే ఒక బండి కట్టుకున్నాడు. ట్యాంకు ఎరుపు, మడ్‌గార్డు నీలం, పక్క డబ్బా ఆకుపచ్చ. షెడ్డుకి వచ్చిన ప్రతివాడూ దాని చుట్టూ ఓసారి తిరిగి, ఇందులో నా బండి పోలికలున్నాయే అని అనుమానంగా చూసేవాడట.

"సరే అక్కా, నీ బండి సంగతి చెప్పు" అన్నాడు మెకానిక్ నర్సమ్మ వైపు తిరిగి. ఆయన నర్సమ్మని అక్కా అంటాడు. ఆ లెక్కన టైలరు ఆయనకి బావ.

"మీకు తెలియందా! నోరు నొప్పెట్టేలా ఎన్నిసార్లు చెప్పించుకుంటారు?" అంది నర్సమ్మ. అంటూనే స్టూలు ముందుకి జరుపుకుంది.

అప్పట్లో ఆవిడకి కొత్తగా ఉద్యోగం వచ్చింది. కొండవైపు ఇళ్లకి వెళ్లి గర్భిణుల్నీ పసిపిల్లల్నీ చూసి రావడం ఆవిడ పని. ఆసుపత్రివాళ్లు ఒక సైకిలిచ్చారు. ఎత్తులో ఆవిడ దాన్ని తోసేది, పల్లంలో అది ఆవిడని తోసేది. ఇంట్లో ముందుగది టైలరు దుకాణం, వెనక రెండు గదుల్లో కాపురం.

ఆ ముందుగదిలోనే ఉండేది మోటారుసైకిలు. అది టైలరు అన్నగారిది. ఆయనకి దూరప్రాంతానికి బదిలీ అయింది. వెళ్తూ వెళ్తూ బండిని తెచ్చి తమ్ముడి గదిలో నిలబెట్టి, "ఇక నువ్వే నడుపుకోరా. వారానికోసారి ఇంజను తిప్పడం మర్చిపోకు" అని చెప్పి రైలెక్కాడు. టైలరుకేమో పెడళ్లు లేని బండంటే ప్రాణభయం. అన్నమీద గౌరవంతో ఒకసారి ఎక్కి కూర్చుని, స్టాండు మీద ఉన్న బండి హ్యాండిలు రెండు చేతులతో పట్టుకుని, ఎటూ పోకుండానే చెమటలు కక్కుకుంటూ దిగిపోయాడు. అన్న చెప్పాడు కాబట్టి వారానికోసారి మాత్రం స్టాండు మీదే కిక్కు కొట్టి ఇంజను తిప్పేవాడు. కొలతలివ్వడానికి వచ్చినవాళ్లు పొగలో దగ్గుతూ చేతులు చాపి నిలబడేవాళ్లు. మిగతా రోజుల్లో ఆ బండి దుకాణంలో ఒక సామాను. హ్యాండిలుకి సగం కుట్టిన కోట్లు వేలాడేవి. అద్దానికి టేపు. గుండీలు కుట్టేదాకా ఆగమంటే జనం దాని సీటెక్కి కూర్చునేవాళ్లు.

ఒక వానాకాలం పొద్దున నర్సమ్మ సైకిలు గుంతలో పడి చక్రం వంకరపోయింది. ఆవిడ దాన్ని ఈడ్చుకుంటూ ఇంటికొచ్చేసరికి గుమ్మంలో పాలవ్యాను డ్రైవరు నిలబడి ఉన్నాడు. కొండ మీద ఇంట్లో ఒకావిడకి నొప్పులు మొదలయ్యాయి, కబురు చెప్పమన్నారు అన్నాడు. వ్యాను ఇంకో దారిన పోవాలి కాబట్టి కబురందించి వెళ్లిపోయాడు.

నర్సమ్మ సంచి సర్దుకుంది. సైకిలు వైపు చూసింది. తర్వాత ముందుగదిలోకి చూసింది.

టైలరు బండికి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. "ఏం చూస్తున్నావు?" అన్నాడు.

"ఏమీ లేదు. ఆ కోట్లు తియ్యండి."

"నీకు రాదు కదే!"

"మీకు తెలుసుగా. బావగారు మీకు చెప్పిందంతా నాకు చెప్పండి."

టైలరు చెప్పాడు. క్లచ్ పట్టుకోవాలి, గేరు వెయ్యాలి, క్లచ్ మెల్లగా వదలాలి, చేతి కింద యాక్సిలరేటర్ తిప్పాలి, కాలి కింద బ్రేకు. అన్న ఇంకా చాలా చెప్పాడుగానీ భయంలో ఆయన చెవికెక్కింది అంతే. ఇద్దరూ కలిసి బండిని వీధిలోకి దింపారు. నర్సమ్మ ఎక్కి కూర్చుంది. మందుల సంచి ఎక్కడ పెట్టాలో తోచలేదు. ట్యాంకు మీద నిలవదు, భుజాన వేసుకుంటే జారిపోతుంది.

"సంచి ఎవరు పట్టుకుంటారు?" అంది.

వీధిలో ఇంకెవరూ లేరు. టైలరు కళ్లు మూసుకుని వెనక సీటెక్కాడు. ఆయన వెనక సీటు కాపురం ఆ క్షణాన మొదలైంది.

మొదటి గేరు తర్వాత రెండోది ఉంటుందని నర్సమ్మకి ఎవరూ చెప్పలేదు. కొండ ఎక్కినంతసేపూ మొదటి గేరే. ఆ ఘోషకి కొండ మీదివాళ్లు లారీ ఏదో దారి తప్పి ఇటొస్తోందనుకున్నారు. తీరా చూస్తే తెల్ల యూనిఫాంలో నర్సమ్మ, వెనక సంచిని చంటిబిడ్డలా హత్తుకున్న టైలరు. ముక్కున వేలేసుకోవడానికి కూడా ఎవరికీ తీరిక లేకపోయింది, ఎందుకంటే లోపల తల్లి కేకలు పెడుతోంది. మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టింది. బొద్దుగా, నల్లటి జుట్టుతో, పుడుతూనే అందరి మీదా కోపంగా.

తిరుగు దారిలో వచ్చింది చిక్కు. వెళ్లేటప్పుడు మలుపులన్నీ కుడివైపువి. వచ్చేటప్పుడు అవే ఎడమవైపుకి వస్తాయి కదా. నర్సమ్మ హ్యాండిలు ఎడమకి తిప్పిందో లేదో, బండి ఒక్క అరుపు అరిచి ముందుకి దూకింది. ఎవరిదో పెరడు. ఆరేసిన దుప్పట్లు. నర్సమ్మ తల వంచుకుంది గానీ టైలరు కళ్లు మూసుకుని ఉన్నాడాయె. బండి ఆగేసరికి ఆయన ఒంటినిండా పూల దుప్పటి, చేతిలో మాత్రం సంచి పదిలంగా.

"మనం పోయామా?" అన్నాడట దుప్పటి లోపల్నుంచి.

మరో రెండుసార్లు ప్రయత్నించి చూసింది నర్సమ్మ. కుడికి తిప్పితే బండి ఆవులా సాధువు. ఎడమకి తిప్పితే కొమ్ములు విసిరేది. తనకి ఎడమవైపు తిరగడం చేతకాదని ఆవిడ తేల్చుకుంది. ఏం, కొందరికి పాట రాదు, కొందరికి ఈత రాదు. తనకి ఎడమ రాదు. అంతమాత్రాన ఉద్యోగం ఆగుతుందా?

అప్పట్నుంచి ఆవిడ కుడికే తిరిగింది. ఎడమ సందులో ఇంటికి వెళ్లాలంటే ఆ సందు దాటిపోయి, కుడికీ కుడికీ మళ్లీ కుడికీ తిరిగి, ఊరంతా పలకరించి ఆ ఇల్లు చేరేది. కొండ దారిలో అలా కుదరదు కాబట్టి ఎడమ మలుపు రాగానే ఇంజను ఆపేది. టైలరు దిగి, మారాం చేసే పిల్లని బడికి నడిపించినట్టు బండిని మలుపు తిప్పి, మళ్లీ ఎక్కేవాడు. దుకాణం సంగతేమిటని ఎవరైనా అడిగితే, దుకాణం కూడా వెంటే ఉందనేవాడు. నిజమే. కాజాలు కుట్టాల్సిన చొక్కాలు ఆయన వెంట తెచ్చుకునేవాడు. లోపల కాన్పు జరుగుతుంటే బయట మెట్ల మీద కూర్చుని కాజాలు కుట్టేవాడు. అప్పుడప్పుడూ మిగిలిన గుడ్డముక్కతో అరచేతంత చొక్కా కూడా కుట్టి సిద్ధంగా ఉంచేవాడు. కొండ మీద చాలామంది ఒంటి మీద పడ్డ మొదటి బట్ట అదే.

ఇలా కొన్ని నెలలు గడిచాయి. అప్పుడే ఊళ్లో కొత్తగా షెడ్డు తెరిచాడు మెకానిక్. మీసాలు కూడా సరిగ్గా రాని వయసు. ఒకరోజు ఆయన గుమ్మంలో నిలబడి ఉంటే తెల్ల యూనిఫాంలో ఒకావిడ బండి మీద పోయింది. కాసేపటికి మళ్లీ అటే పోయింది. మూడోసారి కనిపించేసరికి ఉండబట్టలేక రోడ్డుకి అడ్డం వచ్చాడు.

"అక్కా, ఏమైనా పారేసుకున్నావా? చెప్పు, నేనూ వెతుకుతాను."

"ఏమీ పోలేదు తమ్ముడూ. నీ ఎదురు సందులోకి వెళ్లాలి. నాకు ఎడమకి తిరగడం రాదు."

మెకానిక్ నవ్వలేదు. బండి దిగమని, తను ఎక్కి, ఇంజను నడుస్తుండగా హ్యాండిలుని మెల్లగా ఎడమకి తిప్పాడు. చెయ్యి యాక్సిలరేటర్ మీద లేనే లేదు. అయినా ఇంజను గొంతు చించుకుని అరిచింది. అప్పుడు నవ్వాడు, కడుపు పట్టుకుని మరీ.

"నీ తప్పు కాదక్కా! ఎవరో పొట్టి కేబులు వేశారు. హ్యాండిలు ఎడమకి తిప్పితే అది బిగుసుకుపోయి, దానంతటదే యాక్సిలరేటర్‌ని లాగేస్తోంది. కొత్తది వేస్తాను, టీ తాగి వచ్చెయ్యి."

ఆ సాయంత్రం నర్సమ్మ పని లేకపోయినా ఊళ్లో ఉన్న ఎడమ సందులన్నీ తిరిగింది. ఎడమ, ఎడమ, మళ్లీ ఎడమ. వెనక టైలరుకి తల తిరిగి, ఇంటికొచ్చాక గోడ పట్టుకుని కాసేపు నిలబడ్డాడు.

ఆ బండి వాళ్లింట్లో చాలా ఏళ్లుంది. వాళ్ల కూతురు ట్యాంకు మీద కూర్చుని బడికి వెళ్లింది. చివరికి సిలిండరు పగిలింది. ఆ మోడలు సామాను దొరకడం అప్పటికే ఆగిపోయింది. నర్సమ్మ ఈ షెడ్డులోనే ఓ మూల కూర్చుని కళ్లు తుడుచుకుంది. తర్వాత ఇంకో బండి వచ్చింది, ఆ తర్వాత ఇప్పుడున్నది వచ్చింది. అవి మంచి బళ్లే. కానీ వాటి గురించి చెప్పమని ఎవరూ అడగరు.

ఆవిడ చెప్పడం ముగించేసరికి టీ చల్లారిపోయింది. క్యాషియరు కళ్లు తుడుచుకున్నాడు, నవ్వీ నవ్వీ. అప్పుడు డ్రిల్లు మాస్టారు టైలరు వైపు తిరిగి, "మరి మీ మొదటి బండేదండీ?" అని అడిగి, వెంటనే నాలుక్కరుచుకున్నాడు.

టైలరు ఏమీ అనుకోలేదు. "నాది వెనక సీటు" అన్నాడు.

"అదేం బండి బావా!" అన్నాడు మెకానిక్.

"మీరందరూ ముందు కూర్చుంటారు. మీకు కనిపించేది రోడ్డు, గుంతలు. నేను సంచి పట్టుకుని పక్కకి తిరిగి కూర్చునేవాణ్ణా, కళ్లు తెరిచే ధైర్యం వచ్చాక నాకు దాటిపోయినవన్నీ కనిపించేవి. కుక్క ఎంత దూరం తరిమి ఎక్కడ విసుగొచ్చి ఆగిపోతుందో నాకు తెలుసు. కాన్పు చేసి వచ్చేస్తామా, ఈవిడ బండి స్టార్ట్ చేసి మరి వెనక్కి చూడదు. ఆ తల్లి గుమ్మం దాకా వచ్చి, గోడ పట్టుకుని, మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపుతూనే ఉండేది. ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు అలా నిలబడేవారు. ఈవిడ బదులు నేనే చెయ్యి ఊపేవాణ్ణి."

నర్సమ్మ భర్త వంక చూసింది, ఆయన్ని కొత్తగా పరిచయం చేసినట్టు.

"ఇన్నేళ్లలో నాకెప్పుడూ చెప్పలేదే?"

"నువ్వెప్పుడు వెనక్కి తిరిగావు గనక!" అన్నాడాయన. తర్వాత ఖాళీ గ్లాసులోకి చూస్తూ, కాస్త సిగ్గుగా, "అయితే ముందు ఎలా ఉంటుందో ఒక్కసారి చూడాలనుంది" అన్నాడు.

అంతే, స్టూళ్లన్నీ ఒక్కసారిగా కదిలాయి. బడి మైదానం నాది అన్నాడు డ్రిల్లు మాస్టారు. క్లచ్ నేను వదులు చేస్తాను, బావ చేతికి మెత్తగా ఉండాలి అన్నాడు మెకానిక్. హెల్మెట్ నేను తెస్తానన్నాడు క్యాషియరు. అరవై దాటిన మనిషికి ఇప్పుడు ఇదేం సరదా అని ఒక్కరికీ తోచలేదు, నర్సమ్మకి తప్ప. ఆవిడ కూడా ఆ మాట పైకి అనలేదు.

ఆ సాయంత్రమే మొదలుపెట్టారు. డ్రిల్లు మాస్టారు ఈల పట్టుకుని మధ్యలో నిలబడ్డాడు. మెకానిక్ పక్కన పరిగెత్తాడు. నర్సమ్మ వెనక సీటెక్కింది, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి. ఎక్కాక తెలిసింది ఆవిడకి, అక్కడ పట్టుకోవడానికి ఏమీ ఉండదని. లేని బ్రేకుని కాలితో నొక్కుతూనే ఉంది. "మెల్లగా! అదిగో, అదిగో రాయి! గేరు, గేరు! అయ్యో అటు కాదు!" అని చెవిలో జోరీగలా రొద.

"నేను ఇన్నేళ్లూ నోరెత్తానా?" అన్నాడు టైలరు హెల్మెట్ లోపల్నుంచి.

"కళ్లు మూసుకున్నవాళ్లకి నోరెందుకు లేస్తుంది!"

టైలరు బండి నడపడం చూసి తీరాలి. మిషను తొక్కిన అలవాటుకి రెండు పాదాలూ వాటంతటవే పైకీ కిందకీ ఆడేవి. సూదిలోకి దారం ఎక్కిస్తున్నంత శ్రద్ధగా, నాలుక కొస బయట పెట్టి, మైదానం అంచు వెంబడి కుట్టుకుంటూ పోయినట్టు పోయేవాడు. మూడో చుట్టులో లాంగ్ జంప్ కోసం పోసిన ఇసుకలోకి వెళ్లి, చాలా నిదానంగా, చాలా మర్యాదగా పక్కకి ఒరిగిపోయాడు. నర్సమ్మ ఇసుకలోంచి లేచి, తన ఒళ్లు దులుపుకోకుండా ముందు ఆయన మోకాలు నొక్కి చూసింది.

"ఇక్కడ నొప్పిగా ఉందా? ఇక్కడ?"

"లేదు. మళ్లీ ఎక్కు" అన్నాడు టైలరు.

ఎండలు ముదిరేసరికి ఆయన బండి నిలకడగా తోలడం మొదలుపెట్టాడు. లైసెన్సు పరీక్షలో మెల్లగా పోనిచ్చి చూపించమన్నాడు ఇన్‌స్పెక్టరు. ఆ విద్యలో టైలరుని మించినవాడు లేడు. ఇన్‌స్పెక్టరు పక్కనే నడుస్తూ, కుటుంబ విశేషాలు మాట్లాడుతూ మొత్తం దారి చూసి, చివర్లో, "బాబాయిగారూ, మీ వల్ల ఎవరికీ దెబ్బ తగలదు. చీమ కూడా తప్పుకోగలదు" అని సంతకం పెట్టేశాడు.

ఆ తర్వాత ఒక పొద్దున టైలరు బజారుకి బయలుదేరాడు, గుండీలు అయిపోయాయని. నర్సమ్మ అలవాటుగా తాళంచెవి అందుకోబోయింది.

"నేను వెళ్లొస్తాలే" అన్నాడు.

ఆయన ఒక్కడే వెళ్లాడు. నర్సమ్మ గుమ్మంలో నిలబడింది. వానల్లో, గాలుల్లో, తెల్లవారకముందే ఊరి బయటికి బండి తోలిన మనిషి ఆవిడ. కానీ బండి మీద వెళ్లినవాళ్ల కోసం ఎదురుచూడడం ఎప్పుడూ ఎరగదు. లోపలికి వెళ్లింది, కత్తెరలు సర్దింది, బయటికొచ్చింది. దారపు కండెలు రంగులవారీగా పెట్టింది, మళ్లీ బయటికొచ్చింది. బజారు వీధి చివరే. ఈపాటికి రెండుసార్లు వెళ్లి రావచ్చు. ఆవిడ ఫోను తీసి మెకానిక్ నంబరు నొక్కబోతుండగా, వీధి మలుపులో బండి కనిపించింది. కొండవైపు నుంచి వస్తోంది.

టైలరు బండి ఆపి, హెల్మెట్ తీశాడు. మొహం వెలిగిపోతోంది. జుట్టు చెమటకి తలకి అంటుకుపోయింది.

"గుండీలేవి?" అంది నర్సమ్మ.

"ఏ గుండీలు?" అన్నాడాయన. తర్వాత గుర్తొచ్చి ఫకాలున నవ్వాడు. "బజారు దాటాక ఆపబుద్ధి కాలేదే. కొండెక్కాను. ఆ దారి నేను ముందువైపు నుంచి ఎప్పుడూ చూడలేదు కదా. ఇళ్లన్నీ ఎదురొస్తుంటే భలే ఉంది! బండి మీద వెళ్లి మొట్టమొదటి కాన్పు చేశావే, ఆ పిల్ల గుమ్మంలోనే ఉంది. పిల్లేమిటి, తనకే పెళ్లీడు పిల్లలు. నన్ను చూసి, నర్సమ్మగారేరీ అని వెనక సీటు వెతికింది. ఇంట్లో ఉంది, నేనొక్కణ్ణే వచ్చానన్నాను." ఆ ఒక్కణ్ణే అన్న మాటని ఆయన ఎంత నొక్కి పలికాడంటే, ఇరుగు పొరుగు కిటికీలు తెరుచుకున్నాయి.

నర్సమ్మకి కోప్పడాలని ఉంది. నోరు తెరిచింది కూడా. కానీ ఆ మొహం చూశాక నవ్వు ఆగలేదు. "మంచినీళ్లు తాగండి ముందు" అంది.

ఆ మర్నాడు ఆదివారం. షెడ్డులో స్టూళ్లు యథాప్రకారం వేశారు. టైలరు ఈసారి అందరికంటే ముందుకి జరిగి కూర్చుని, "మొదటిసారి నా బండి మీద కొండెక్కినప్పుడు..." అని మొదలెట్టాడు.

"అది నా బండి" అంది నర్సమ్మ.

"ఆ పూటకి నాదే" అన్నాడు టైలరు.

అప్పట్నుంచి ప్రతి ఆదివారం ఆయన అది చెప్తూనే ఉన్నాడు, వాళ్లు వింటూనే ఉన్నారు. వారం వారం కొండ కాస్త నిటారుగా అవుతోంది. మలుపులు బిగుస్తున్నాయి. ఒక వారం గాలి వచ్చింది, ఇంకో వారం దారికి అడ్డంగా గొర్రెలమంద వచ్చింది. మొన్న ఆదివారం ఎక్కడా లేని లారీ ఒకటి ఎదురొచ్చింది. నర్సమ్మ అభ్యంతరం చెప్పడానికి సిద్ధమైంది. మెకానిక్ ఆవిడ వైపు చూసి, పోనీలే అక్కా అన్నట్టు కళ్లతోనే బతిమాలాడు. ఆవిడ టీ ఒక గుక్క తాగి, గ్లాసు కింద పెట్టి, భర్త వైపు తిరిగి అడిగింది:

"లారీ ఏ రంగండీ?"

"ఎరుపు" అన్నాడు టైలరు, రెప్ప వెయ్యకుండా.